జనరేటర్ ట్రైలర్ తగిలిస్తే బండి వెనక కుంగుతోంది: ఎయిర్ బ్యాగులు వేయించాలా, కమాన్ పట్టీ పెంచాలా?

ఓరుగల్లు జెన్‌సెట్

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. పెళ్లిళ్లకు, సభలకు జనరేటర్, లైటింగ్ కిరాయికి ఇస్తుంటాం. బండి ఇసుజు డీమాక్స్ ఎస్-క్యాబ్ పికప్. వెనక రెండు చక్రాల ట్రైలర్, దాని మీద 25 కేవీఏ సైలెంట్ జనరేటర్. తొట్టిలో కేబుల్ చుట్టలు, ఫోకస్ లైట్లు, స్టాండ్లు, డీజిల్ క్యాన్లు. క్యాబిన్‌లో నాతో కలిపి నలుగురం.

ట్రైలర్ తగిలించగానే వెనక కూర్చుండిపోతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింది నుంచి ధడేల్‌మని కొడుతుంది. ములుగు రోడ్డులో కొంచెం వేగం అందుకుంటే స్టీరింగ్ చేతిలో తేలిపోతోంది. లో బీమ్‌లోనే పోతున్నా ఎదురొచ్చే లారీలవాళ్లు డిప్పర్ కొట్టి తిడుతున్నారు.

ఆన్‌లైన్‌లో ఎయిర్ బ్యాగ్ హెల్పర్ కిట్లు చూశాను. కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) అలాగే ఉంటాయి. హౌసింగ్‌కీ (వెనక ఇరుసు గొట్టం) చాసీకీ మధ్య రెండు వైపులా గాలి బ్యాగులు కూర్చుంటాయి. లోడ్ ఉన్నప్పుడు గాలి పెంచుకోవచ్చు, ఖాళీ బండికి తగ్గించుకోవచ్చు. ఆటోనగర్‌లో అడిగితే ఒకాయన పట్టీ పెంచుకోమన్నాడు, ఇంకొకాయన అవి ఏసీ బస్సులకు వేసేవి కదా అని నవ్వాడు. ఎవరైనా వాడి ఉంటే చెప్పండి. సీజన్ మొదలయ్యేలోపు ఏదో ఒకటి చేయించాలి.


కమాన్ కట్ట

తమ్మీ, మా నాన్న కాలం నుంచి మాది కమాన్ పట్టీల పనే. బ్యాగు రబ్బరు. మన రోడ్ల కంకర, ఎండ, బురద తట్టుకోవాలి. ఒక్క రాయి గీసుకుపోతే నడిరోడ్డు మీద ఖేల్ ఖతం. కట్టకు ఒక హెల్పర్ పట్టీ వేయించు, యూ బోల్టులు కొత్తవి మార్పించు, ఫికర్ లేకుండా తిరుగు.


డీమాక్స్ జమ్మికుంట

నా వీ-క్రాస్‌కి బ్యాగులు ఉన్నాయి. పత్తి సీజన్‌లో బేళ్లు, మిగతా రోజుల్లో ఇంటి వాడకం. పట్టీ పెంచితే అది ఏడాది పొడుగునా గట్టిగానే ఉంటుంది. ఖాళీ బండిలో ఇంటివాళ్లను ఎక్కించుకుని హుజూరాబాద్ దాకా పోయొస్తే నడుములు విరిగేవి. బ్యాగులకు ఆ బాధ లేదు. బిగించడం కూడా పెద్ద పనేం కాదు, పాత బంప్ రబ్బర్ (హౌసింగ్ చాసీకి కొట్టుకోకుండా ఉండే రబ్బరు దిమ్మ) తీసేసిన చోటే పై బ్రాకెట్ కూర్చుంటుంది. చాసీకి రంధ్రం పెట్టాల్సిన పని నాకైతే రాలేదు.


పరకాల టు పెర్త్

మాది పరకాల దగ్గర పల్లె. పెర్త్‌లో ఉంటున్నా, డబుల్ క్యాబ్ పికప్‌తో కారవాన్ లాగుతుంటా. ఈ దేశంలో బ్యాగుల గురించి పెద్ద గొడవే ఉంది కాబట్టి జర వివరంగా రాస్తున్నా.

బ్యాగులు వేయగానే బండి నిటారుగా నిలబడుతుంది. దాంతో లోడ్ సమస్య తీరిందని అనుకుంటారు. తీరదు. బండి మోయగల బరువు కంపెనీ ప్లేటు మీద రాసి ఉంటుంది, బ్యాగు వేస్తే ఆ అంకె పెరగదు. హౌసింగ్, బేరింగులు, టైర్లు, బ్రేకులు అన్నీ పాతవే కదా.

రెండోది, ఇంకా ముఖ్యమైనది చాసీ. కమాన్ కట్ట తన బరువును రెండు కొసల దగ్గర చాసీకి అప్పజెబుతుంది, ముందు పిన్ను దగ్గర కొంత, వెనక షాకిల్ (పట్టీ కొసను చాసీకి కలిపే ఊగే లింకు) దగ్గర కొంత. బ్యాగు అలా కాదు. సరిగ్గా హౌసింగ్ పైన, ఒక్కచోట చాసీని కిందినుంచి పొడుస్తుంది. తొట్టి చివర బరువు, ఆ వెనక కొక్కెం మీద ట్రైలర్ బరువు కిందికి లాగుతుంటాయి. ముందు ఇంజను, క్యాబిన్ కిందికి లాగుతుంటాయి. మధ్యలో బ్యాగు పైకి తోస్తుంటుంది. కావడి బద్ద భుజం మీద ఎలా వంగుతుందో చాసీ అలా వంగుతుంది. ఇక్కడ మట్టిరోడ్ల మీద కారవాన్లు లాగే పికప్‌లలో క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు పైన వెడల్పై, కింద ఇరుకై, చాసీ అరటికాయలా వంగిన ఫొటోలు బోలెడు కనిపిస్తాయి. అన్నింటికీ బ్యాగులే కారణమని కాదు. ఎక్కువగా కనిపించేది మాత్రం ఇదే లెక్క: కొక్కెం మీద మితిమీరిన బరువు, బ్యాగుల్లో నిండా గాలి, గుంతలో వేగం.

జెన్‌సెట్ అన్నా, కొనేముందు ఒక్క పని చేయండి. కాంటా వేయించండి. మీ ట్రైలర్ మొత్తం బరువెంత, అందులో కొక్కెం మీద పడేదెంత?


ఓరుగల్లు జెన్‌సెట్

జనరేటర్ దాదాపు 900 కిలోలు. ట్రైలర్ వెల్డింగ్ షాపులో చేయించింది, దాని బరువు ఎన్నడూ తూచలేదు. కొక్కెం మీద ఎంత పడుతుందో ఎలా తెలుస్తుంది? వేబ్రిడ్జి మీద కొక్కెం ఒక్కటే పెట్టలేం కదా.


ఎనుమాముల మిర్చి

వేబ్రిడ్జి ఎందుకు భయ్యా. మా యార్డులో మిర్చి బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాంటా ఉంటుంది, 300 కిలోల దాకా చూపిస్తుంది. ట్రైలర్‌ని చదునైన చోట నిలబెట్టి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, కొక్కెం విప్పి, ముందు స్టాండు కాలును కాంటా మీద ఆనించండి. కొక్కెం బండికి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అదే ఎత్తులో ఉండాలి, ముక్కు వంచితే లెక్క తప్పుతుంది. స్టాండు కొక్కేనికి కొంచెం వెనక ఉంటే కాంటా అసలుకన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి వీలైతే కొక్కెం కిందే చెక్కముక్క పెట్టి తూచండి. సీజన్ అయిపోయింది కాబట్టి కాంటా ఖాళీగానే ఉంటుంది. పొద్దున్నే రండి, చాయ్ మీ తరఫున.


కమాన్ కట్ట

పెర్త్ తమ్ముడు చాసీ గురించి చెప్పింది నిజమే. మాటవరసకు కూడా బ్యాగులను మెచ్చుకోలేదు కాబట్టి నాకు నచ్చాడు.


పరకాల టు పెర్త్

అన్నా, నా బండికీ బ్యాగులున్నాయి :)


లెక్కల సార్

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, బండి మాత్రం మారుతీయే. లెక్కలు నాకొదిలేయండి.

బ్యాగు మోసే బరువు అంటే లోపలి గాలి ఒత్తిడిని దాని పనిచేసే వైశాల్యంతో గుణించడమే. బ్యాగు వ్యాసం 12.5 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం దాదాపు 123 చదరపు సెంటీమీటర్లు. 50 పీఎస్‌ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.5 కిలోలు. అంటే ఒక్కో బ్యాగు 430 కిలోల వరకు ఎత్తుతుంది, రెండూ కలిపి 860. సైకిల్ పంపుతో కొట్టగలిగే గాలికి ఇంత బలం. చాసీ మీద ఆ ఒక్క చోట ఎంత పడుతోందో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఇక కొక్కెం సంగతి. కొక్కెం వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి అక్కడ పడే బరువు వెనక ఇరుసుకు మొత్తంగా పడటమే కాక, ముందు చక్రాల మీద ఉన్న బరువును కూడా కొంత లేపి వెనక్కి తెస్తుంది. మీ బండి వీల్‌బేస్ దాదాపు 3.1 మీటర్లు. కొక్కెం వెనక ఇరుసుకు 1.2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కొక్కెం మీద 100 కిలోలు పడితే వెనక ఇరుసు మీద 139 పెరుగుతుంది, ముందు ఇరుసు మీద 39 తగ్గుతుంది. మీ స్టీరింగ్ తేలడానికి కారణం అదే.

గమనించాల్సింది ఏమిటంటే, బ్యాగు వేసి వెనక ఎత్తినా ఆ 39 కిలోలు ముందుకు తిరిగి రావు. బండి చదునుగా కనిపిస్తుంది, ముందు చక్రాలు మాత్రం అంతే తేలిక.


డీమాక్స్ జమ్మికుంట

సార్, నాకు బ్యాగులు వేశాక స్టీరింగ్ బాగైనట్టే అనిపించిందే?


లెక్కల సార్

అనిపించడంలో తప్పులేదు. వెనక కుంగితే ముందు చక్రాల కోణాలు మారతాయి, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) పెరుగుతుంది, బాడీ ఊగడం పెరుగుతుంది. ఎత్తు సరిచేస్తే అవి సర్దుకుంటాయి, హెడ్‌లైట్లు కూడా కిందికి దిగుతాయి. బరువు పంపకం మాత్రం మారదు. దాన్ని మార్చాలంటే ట్రైలర్ మీద సామాను జరపాలి, లేదా కొక్కేనికి స్ప్రింగు బార్లు ఉండే వేరే రకం హిచ్ కావాలి.


నైట్ డ్రైవర్

డిప్పర్ కొట్టే లారీలవాళ్లలో నేనూ ఒకణ్ణి. వెనక కుంగిన పికప్ ఎదురొస్తే తెల్లగా కళ్లల్లో పొడుస్తుంది, రోడ్డు అంచు కనపడదు. పస్రా, తాడ్వాయి మధ్య అడవిలో అయితే మరీ. ఇంకేం చేసినా చేయకున్నా ముందు లైట్ల లెవెల్ తిప్పే బటన్ ఉంటే కిందికి దించుకోండి అన్నా.


ఓరుగల్లు జెన్‌సెట్

పొద్దున ఎనుమాముల పోయొచ్చాను. మిర్చి అన్నకు థాంక్స్. చాయ్ కూడా ఆయనే తాగించాడు.

ట్రైలర్ జనరేటర్‌తో కలిపి 1,240 కిలోలు. కొక్కెం మీద 210.

కాంటా మీద ఆ అంకె చూసి యార్డు హమాలీలు కూడా అయ్యో అన్నారు. ఐదు బస్తాల మిర్చి బండి బంపర్ మీద పెట్టుకుని తిరుగుతున్నట్టే అని ఒకాయన లెక్క చెప్పాడు.


పరకాల టు పెర్త్

210 అంటే ట్రైలర్ బరువులో 17 శాతం. ఇలాంటి ట్రైలర్‌కి మామూలుగా పది శాతం చుట్టుపక్కల పెట్టుకుంటారు. అమెరికావాళ్లు పది నుంచి పదిహేను అంటారు. మీ జనరేటర్ ట్రైలర్ మీద బాగా ముందుకు ఉంది. బోల్టులు విప్పి వెనక్కి జరపగలరా? కొక్కెం నుంచి ట్రైలర్ ఇరుసు దాకా ఎంత దూరం?


ఓరుగల్లు జెన్‌సెట్

2.6 మీటర్లు. జనరేటర్ కింద సి-ఛానెల్ ఉంది, నాలుగు బోల్టులు. వెనక జాగా ఉంది, కేబుల్ పెట్టె తీసేస్తే.


లెక్కల సార్

900 కిలోల జనరేటర్‌ను 20 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే 900 ఇంటూ 0.2 బై 2.6, అంటే కొక్కెం మీద 69 కిలోలు తగ్గుతాయి. 141 మిగులుతుంది. మొత్తంలో 11 శాతం పైచిలుకు. పైసా ఖర్చు లేకుండా వెనక ఇరుసు మీద 96 కిలోలు తగ్గినట్టు, ముందు ఇరుసుకు 27 కిలోలు తిరిగొచ్చినట్టు.


పరకాల టు పెర్త్

అంతకు మించి జరపకండి. కొక్కెం మీద బరువు మరీ తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే పికప్‌ను కూడా ఈడ్చుకుపోతుంది. వెనక కుంగడం కన్నా అది వెయ్యి రెట్లు ప్రమాదం. కేబుల్ పెట్టెను ట్రైలర్ చివర పెట్టొద్దు, ఇరుసు పైనే పెట్టండి.


ఘన్‌పూర్ అక్క

మాది స్టేషన్ ఘన్‌పూర్. మా ఆయన బండ్ల కాగితాల పని నేనే చూసుకుంటా కాబట్టి రెండు మాటలు. వెల్డింగ్ షాపులో చేయించిన ట్రైలర్ అన్నారు తమ్ముడూ, దానికి రిజిస్ట్రేషన్ ఉందా? ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబర్ ప్లేటు, ఇన్సూరెన్స్‌లో వేరే ప్రీమియం. బండి పాలసీ ఉంది కదా అని ఊరుకుంటే, దేవుడు అట్లా చేయకూడదు కానీ ఎవరికైనా తగిలిందనుకోండి, సర్వేయర్ మొదట అడిగేది అదే.

ఓవర్‌లోడ్‌కి 2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్న జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. ఎక్కువైన సరుకు అక్కడే దింపించే ఖర్చు కూడా మనదే. వెనక ఎత్తుగా కనిపిస్తే ఆపరు అనే ధీమాతో బ్యాగులు వేయించేవాళ్లను చూశాను. తనిఖీవాళ్ల దగ్గరా కాంటా ఉంటుంది.


కమాన్ కట్ట

అక్క చెప్పినది కరెక్టు.

తమ్మీ, ఒకసారి కట్టలు చూసుకో. ఖాళీ బండిని చదునైన చోట ఆపి పక్కనుంచి చూడు. పట్టీల వంపు పోయి సాపుగా అయ్యాయా? కుడి ఎడమ తేడా ఉందా? పట్టీల మధ్య తుప్పు నీళ్ల చారలు, కొసల దగ్గర మెరుపు గీతలు ఉన్నాయా? సెంటర్ బోల్టు దగ్గర సన్నటి పగులు ఉంటే గుడ్డతో తుడిస్తేనే కనబడుతుంది. సచ్చిన కట్ట మీద బ్యాగు వేస్తే బ్యాగే కమాన్ అయిపోతది. అప్పుడు పెర్త్ తమ్ముడు చెప్పిన చాసీ గతి.

ఇంకోటి. కొందరు పాత పట్టీనే కాల్చి కొట్టి వంపు తెప్పిస్తారు. సరిగ్గా నూనెలో చల్లార్చి, మళ్లీ టెంపరింగ్ చేయకపోతే ఆ వంపు రెండు నెలలు కూడా ఆగదు. నా పొట్ట కొట్టుకుని చెబుతున్నా, అట్లాంటి పని మా దగ్గర కూడా చేయించకు. కొత్త పట్టీ వేయించు.


ఓరుగల్లు జెన్‌సెట్

కుడివైపు కట్టలో రెండో పట్టీ కొస విరిగి ఉంది. బురద కడిగితే గానీ కనపడలేదు. ఎడమవైపు బాగానే ఉంది. రెండు వైపులా మార్పిస్తున్నా. జనరేటర్ కూడా జరిపించాను, కాంటా మీద కొక్కెం బరువు ఇప్పుడు 145. సార్ లెక్కకు దగ్గరగానే వచ్చింది.

బండి చాలా మారింది. స్టీరింగ్ తేలడం దాదాపు పోయింది. కానీ తొట్టి నిండా సామాను వేస్తే ఇంకా రెండు వేళ్లంత ఎక్కువ కుంగుతోంది, స్పీడ్ బ్రేకర్ల మీద అప్పుడప్పుడు తగులుతోంది. ప్లేటు మీద రాసిన బరువు దాటలేదు, అది కూడా తూచాను. ఈ మిగిలిన దానికి బ్యాగులు వేసుకోవచ్చా?


పరకాల టు పెర్త్

ఇప్పుడు వేసుకోవచ్చు. బ్యాగులకు అసలు పని ఇదే.


కమాన్ కట్ట

ఒక పట్టీ వేస్తే అయిపోయేదానికి…


డీమాక్స్ జమ్మికుంట

అన్నా ఊరుకోండి :) జెన్‌సెట్ భయ్యా, నేను బిగించుకున్నప్పుడు గమనించినవి రాస్తున్నా, మీ మెకానిక్‌కు చూపించండి.

కిట్ ఆర్డర్ పెట్టేముందు హౌసింగ్ పై నుంచి చాసీ అడుగు వరకు ఉన్న సందు, బంప్ రబ్బర్ బోల్టు సైజు కొలవండి. బయటిదేశాల కిట్లు అక్కడి మోడళ్ల కొలతలకు ఉంటాయి. ఎస్-క్యాబ్, వీ-క్రాస్ రెండింటి పట్టీలూ ఒక్కటే అనుకుని కొనేయకండి.

జాకీ హౌసింగ్ కింద కాదు, చాసీ కింద పెట్టి ఎత్తాలి. హౌసింగ్ వేలాడితేనే బ్యాగు కూర్చునే జాగా దొరుకుతుంది. చాసీ కింద స్టాండ్లు పెట్టకుండా ఒక్క జాకీ నమ్ముకుని కిందికి దూరొద్దు. హౌసింగ్‌ను మరీ కిందికి జారవిడిస్తే బ్రేకు హోస్ సాగుతుంది, దాని మీద ఒక కన్ను ఉండాలి.

కింది బ్రాకెట్‌ను హౌసింగ్‌కు యూ బోల్టుతో పట్టేస్తారు. అక్కడే చాలామంది తొందరపడేది. హౌసింగ్ మీదుగా సన్నటి బ్రేకు పైపు పోతుంటుంది. బ్రాకెట్ దాని మీద కూర్చుంటే బిగించినప్పుడు నొక్కుకుపోతుంది, కనీసం రాసుకుంటుంది. నా బండికి పైపు పట్టుకునే క్లిప్పు విప్పి, పైపును వేలితో మెల్లగా పక్కకు వంచి, దాని కింద నుంచి బోల్టు తీశాం. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా అటే ఉంటుంది.

గాలి ట్యూబును కత్తెరతో కోయకండి. నొక్కుకుపోయి, ఏటవాలుగా తెగుతుంది, ఫిట్టింగ్‌లో సరిగ్గా కూర్చోదు. కొత్త బ్లేడుతో నిటారుగా ఒక్క కోత. ఫిట్టింగ్‌లోకి తోసి, ఆనే దాకా నొక్కి, వెనక్కి లాగి చూడాలి. సైలెన్సర్ పైపు పోయే వైపు బ్యాగుకు కిట్‌లో వచ్చే రేకు కవచం తప్పకుండా పెట్టాలి.

రెండు బ్యాగులకు రెండు వేరే వాల్వులు పెట్టించుకోండి. ఒకే లైనులో కలిపితే మలుపులో బయటివైపు బ్యాగులోని గాలి లోపలివైపు బ్యాగులోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. నా వాల్వులు నంబర్ ప్లేటు పక్కనే ఉన్నాయి, ట్యూబ్ వాల్వు లాంటివే, ఏ పంచర్ షాపులోనైనా కొట్టించుకోవచ్చు.

అంతా అయ్యాక సబ్బు నురుగు రాసి బుడగలు చూడండి, ఒక రాత్రి వదిలేసి పొద్దున గాలి చూడండి.


నైట్ డ్రైవర్

గాలి ఎంత పెట్టాలి?


డీమాక్స్ జమ్మికుంట

కిట్ మీద రాసినదే ఫైనల్. చాలా కిట్లకు కనిష్ఠం 5, గరిష్ఠం 100 పీఎస్‌ఐ. ఖాళీ బండి అయినా ఆ 5 ఉండాల్సిందే, లేకపోతే బ్యాగు మడతపడి తనను తానే కొరుక్కుంటుంది. గరిష్ఠం దగ్గరకు పోవాల్సిన అవసరం ఉందంటే లోడే ఎక్కువైందని అర్థం. నేను పత్తి వేసినప్పుడు 30, 35 దాటను.

ఖాళీ బండికి గాలి తగ్గించడం మరచిపోవద్దు. 40 ఉంచి ఖాళీగా వానలో పోతే వెనక చక్రాలు గుంతల మీద ఎగిరెగిరి పడతాయి, బ్రేకు కొడితే తోక జారుతుంది.

గేజీ పెట్టి చూసిన ప్రతిసారీ రెండు మూడు పాయింట్లు పడిపోతాయి, భయపడకండి. టైరులో అయితే తెలియదు, బ్యాగులో ఉండేదే చెంబెడు గాలి కాబట్టి ఆ తుస్సుమనే చిన్న శబ్దానికే తేడా తెలుస్తుంది.


లెక్కల సార్

ఎండ సంగతి కూడా చూసుకోండి. పొద్దున 25 డిగ్రీల్లో 50 పెట్టారనుకోండి. మే నెలలో రోడ్డు వేడికి, సైలెన్సర్ వేడికి బ్యాగు లోపల 60 డిగ్రీలు అయితే 57, 58 చూపిస్తుంది. ఆ లెక్కకు పొద్దున్నే కాస్త తక్కువ పెట్టుకోవచ్చు.


ఎనుమాముల మిర్చి

ఇంకొక మాట, ఇది ఎవరూ చెప్పలేదు. మా పాత పికప్‌లో వెనక హౌసింగ్ నుంచి చాసీ మీది బ్రేకు వాల్వుకు ఒక సన్న రాడ్డు పోతుంది. లోడ్ పడి వెనక కుంగితే ఆ రాడ్డు కదిలి వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపిస్తుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పక్కూరి పిల్లగాడు అట్లాంటి బండికే బ్యాగులు వేసి గాలి నిండా కొట్టాడు. బండి ఎత్తుగా ఉందంటే ఆ వాల్వుకు బండి ఖాళీగా ఉన్నట్టే లెక్క. లోడ్ నిండా ఉన్నా వెనక బ్రేకులు సగమే పట్టాయి, ముందు డిస్కులు కాలి వాసన వచ్చింది.

అందరి బండ్లకూ ఆ రాడ్డు ఉండదు, కొన్నింట్లో ఏబీఎస్సే ఆ పని చూసుకుంటుంది. కిందికి వంగి చూసుకోండి, తెలియకపోతే సర్వీస్ సెంటర్‌లో అడగండి.


పరకాల టు పెర్త్

మిర్చి అన్నా, సూపర్ పాయింట్. ఇక్కడ కూడా బ్యాగులు వేశాక ఆ రాడ్డును మళ్లీ సెట్ చేయించుకోమంటారు.


ఘన్‌పూర్ అక్క

ఎవరూ మళ్లీ ఎగిరిపడకండి కానీ, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బ్యాగులు పెట్టేముందు ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకు మెయిల్ పెట్టి ఉంచండి. వారంటీ ఉన్న బండి అయితే షోరూంలో కూడా.


ఓరుగల్లు జెన్‌సెట్

అక్కా, ట్రైలర్ రిజిస్ట్రేషన్ ఉంది. ఇన్సూరెన్స్ ఏజెంటుతో మాట్లాడాను, రాతపూర్వకంగా పెట్టమన్నాడు, పెట్టాను. ఆర్టీవో ఆఫీసుకు రేపు పోతున్నా.


ఓరుగల్లు జెన్‌సెట్

అప్‌డేట్. కొత్త కట్టలు వచ్చాయి, కమాన్ కట్ట అన్న దగ్గరే వేయించాను. యూ బోల్టులు కొత్తవి, కొంచెం తిరిగాక మళ్లీ వచ్చి బిగించుకుపొమ్మన్నాడు. బ్యాగుల కిట్ కూడా బిగించాం. జమ్మికుంట భయ్యా రాసింది మా మెకానిక్‌కు చదివి వినిపించాను, బ్రేకు పైపు దగ్గర నిజంగానే ఇరుకు. అక్కడే గంట పట్టింది.

ఎత్తులు టేపుతో కొలిచాను, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు. ఖాళీ బండికి వెనక 54 సెంటీమీటర్లు. ట్రైలర్, సామాను, మనుషులతో బ్యాగుల్లో 5 మాత్రమే ఉంచితే 46. 25 పీఎస్‌ఐ పెట్టాక 49.5. మళ్లీ 54 దాకా లేపాలని మెకానిక్ ముచ్చటపడ్డాడు కానీ పెర్త్ తమ్ముడు చూపించిన చాసీ ఫొటోలు గుర్తొచ్చి ఆపేశాను.

నిన్న రాత్రి ములుగు వైపు సభ ఉంటే పోయొచ్చాం. గట్టమ్మ గుడి దగ్గర ఆగి దండం పెట్టుకుని, బ్యాగులు చేత్తో తడిమి చూశాను, కుడివైపుది కొంచెం వెచ్చగా ఉంది, సైలెన్సర్ అటే. రేకు కవచం ఇంకొంచెం కిందికి వంచాలి. స్పీడ్ బ్రేకర్ల మీద ఎక్కడా కొట్టలేదు. డిప్పర్ కొట్టినవాళ్లు లేరు.


నైట్ డ్రైవర్

నిన్న రాత్రి నేను భూపాలపల్లి రూటులో ఉన్నాను, లేకపోతే చెప్పేవాణ్ణి :)


కమాన్ కట్ట

బండి మా షెడ్డులో చూశాను. పని నీటుగా చేశారు, ఒప్పుకుంటా. అయినా రెండు వర్షాకాలాలు గడవనీ, బ్యాగు మడతల్లో ఇరుక్కున్న కంకర ఏం చేస్తుందో చూద్దాం.


డీమాక్స్ జమ్మికుంట

దానికే కదా అన్నా, సర్వీసింగ్‌లో నీళ్లు కొట్టేటప్పుడు బ్యాగుల మడతలు కూడా కడిగించుకోవాలి. డీజిల్, గ్రీజు మాత్రం తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. జెన్‌సెట్ భయ్యా, మీ తొట్టిలో డీజిల్ క్యాన్లు ఎక్కడ పెడతారు?


ఓరుగల్లు జెన్‌సెట్

కుడివైపు మూలకు. బ్యాగు సరిగ్గా దాని కిందే. రేపటి నుంచి క్యాబిన్ వెనక గోడకు ఆనించి, ట్రేలో పెడతాం. బరువు కూడా ముందుకు వస్తుంది.


నర్సంపేట యోధ

అన్నలూ, నాది టాటా యోధా. చెరువు చేపలకు ఆక్సిజన్ ట్యాంకు ట్రైలర్ లాగుతా. నీళ్లు నింపితే లోపల అటూ ఇటూ ఊగి బండిని గుంజుతున్నాయి. బ్యాగులు వేస్తే ఆగుతుందా?


పరకాల టు పెర్త్

ఆగదు తమ్ముడూ. నీళ్లు ఊగడానికి ట్యాంకు లోపల అడ్డగోడలు పెట్టించాలి. అది వేరే కథ, కొత్త టాపిక్ తెరువు. ట్యాంకు కొలతలు, కొక్కెం బరువు రాయి. తూచాలంటే ఎనుమాముల కాంటా ఉండనే ఉంది.


ఎనుమాముల మిర్చి

ఈసారి చాయ్ డబ్బులు ఎవరివో ముందే మాట్లాడుకుందాం.